బాపిరాజు నవలల్లో చరిత్ర ఎంత, చిత్రం ఎంత

మీరు అడిగినవి మూడు విషయాలు. రుద్రమదేవి సినిమా చూశాక గోన గన్నారెడ్డి పాత్ర మీద ఆసక్తి కలిగి అడివి బాపిరాజు నవల చదవడం మొదలుపెట్టానని, అందులో ఉన్నదాన్ని చరిత్రగా ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమని అడిగారు. ఆ రచయిత ఎలాంటివాడు, ఆ వర్ణనలు అంత విస్తారంగా ఎందుకుంటాయి అన్నది రెండో ప్రశ్న. ఆయన మిగిలిన చారిత్రక నవలలు ఏ వరసలో చదవాలన్నది మూడోది. డిగ్రీ విద్యార్థులకు ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, అందులో సగం ఏళ్ళు నవలే చెప్పినవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పి కారణాలు తర్వాత చెబుతాను: బాపిరాజు నవలల్లో కంటికి కనిపించేవాటిని, అంటే కట్టు, బొట్టు, నగలు, మేడలు, వీధులు, జనం గుమికూడే తీరు వంటివాటిని చాలావరకు నమ్మవచ్చు, ఎవరు ఎవరిని ఎప్పుడు ఓడించారు, ఎవరు ఎవరిని పెళ్ళాడారు అన్నవాటిని మాత్రం చరిత్ర గ్రంథం ఒకటి పక్కన పెట్టుకొని సరిచూసుకోవాలి. ఇది ఆయనలోని లోపమని నేను అనడం లేదు. ఆయన చరిత్రలోకి వెళ్ళిన దారే అది.

బాపిరాజు 1895 అక్టోబర్ 8న భీమవరం దగ్గరి సరిపల్లెలో పుట్టారు. రాజమహేంద్రవరంలో బి.ఏ. చదివారు, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి కొంతకాలం భీమవరంలో ప్లీడరీ చేశారు, సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు, 1930లలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు, 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకత్వం వహించారు, అనసూయ, మీరాబాయి, పల్నాటి యుద్ధం వంటి సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, 1952 సెప్టెంబర్ 22న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఏడేళ్ళు కూడా నిండని జీవితంలో ఇన్ని వృత్తులు పట్టినవాడు వాటిలో ఏ ఒక్కదానిలోనూ స్థిరపడలేదని కొందరు విచారిస్తారు గాని, నవలాకారుడికి అది నష్టమని నాకు అనిపించదు. కోర్టు, జైలు, కళాశాల, పత్రికాఫీసు, స్టూడియో అన్నీ చూసినవాడు రాజాస్థానంలో పదిమంది పదిరకాలుగా ఎలా మాట్లాడతారో ఊహించగలడు. పరిచయమైన ప్రతివాడూ ఆయనను ‘బాపి బావ’ అనే పిలిచేవారట. ఆయన పాత్రల్లో శత్రువులు కూడా చివరికి చుట్టాలైపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ పిలుపు గుర్తుకొస్తుంది.

అయితే ఈ వృత్తులన్నిటికీ అడుగున ఉన్నది చిత్రకళ. రాజమహేంద్రవరం కళాశాలలో ఆయన చదివిన రోజుల్లో ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. చుట్టుపక్కల కనిపించిన ప్రతిభావంతులైన కుర్రవాళ్ళను చేరదీసి బొమ్మలు వేయించేవాడు. దామెర్ల రామారావు ఆయన చేతిమీదుగా వెలుగులోకి వచ్చినవాడే. రామారావు 1925లో, ముప్ఫై ఏళ్ళు రాకముందే, మశూచితో పోయాడు. బాపిరాజు ఆ తర్వాత బందరులో ప్రమోదకుమార చట్టోపాధ్యాయ దగ్గర వంగదేశపు పద్ధతిలో చిత్రలేఖనం సాధన చేశారు. ఆ పద్ధతి లక్షణం ఏమిటంటే, ఎదురుగా ఉన్న మనిషిని ఉన్నట్టు దించడం కాకుండా, అజంతా వంటి పాత కుడ్యచిత్రాల రేఖను ఒంటబట్టించుకొని ఆ రేఖతో కొత్త బొమ్మ కట్టడం. అది నేర్చినవాడికి పాత శిల్పం ముందు నిలబడడం రోజువారీ పనిలో భాగం. చివరి రోజుల్లో కూడా ఆయన సింహళంలోని సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు వేశారు. కనుక ‘బాపిరాజు చిత్రకారుడు కూడా’ అన్న మాటను పరిచయవాక్యంలో అలంకారంగా వాడి వదిలేయకూడదు; ఆ నవలల నిర్మాణం అంతా అక్కడి నుంచే వచ్చింది.

దీన్ని ఒక్క ఉదాహరణతో చూపిస్తాను. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలున్న విభాగంలో ఒక గుండ్రటి ఫలకం ఉంది. బుద్ధుడి మీదికి తోలిన నాలగిరి అనే మదగజం కథ అందులో చెక్కారు. ఒక పక్క ఏనుగు వీధిలోకి విరుచుకుపడుతూ ఒకణ్ణి తొండంతో పట్టి విసురుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, ఒక స్త్రీ భయంతో పక్కవాళ్ళను వాటేసుకొంది, మేడల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. అదే ఫలకంలో మరో పక్క అదే ఏనుగు మోకరిల్లి ఉంది. మధ్యలో గీత లేదు, చట్రం లేదు. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే వీధిలో, ఒకే జనం మధ్య ఉన్నాయి. నేను మొదటిసారి ఆ ఫలకం ముందు నిలబడ్డప్పుడు ‘హిమబిందు’ చదివి పదేళ్ళయింది. కాని ఆ నవలలోని ఉత్సవాలూ ఊరేగింపులూ అన్నీ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చాయి. కథానాయకుడు చేసే పనికంటే ముందు దాన్ని చూస్తున్న జనాన్ని చూపించడం, వాళ్ళలో ఎవరో ఒకరి ముఖం దగ్గరకు తీసుకురావడం, ఆ ముఖం మీద ఫలితం కనిపించేలా చేయడం బాపిరాజుకు అలవాటు. అమరావతి శిల్పి చేసింది కూడా అదే. మీరు ‘వర్ణనలు విస్తారంగా ఉన్నాయి’ అన్న చోట్లను ఈసారి ఈ దృష్టితో చదివి చూడండి. అవి కథను ఆపి చేసిన వర్ణనలుగా తోచవు. ఆ భాగంలో కథ జరుగుతున్నదే ఆ చూపుల్లో.

ఆయన కాలం గురించి కూడా కొంత చెప్పాలి. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన తర్వాత తెలుగులో చరిత్ర రచనకు, దాంతోపాటు చారిత్రక నవలకు ఊపు వచ్చింది. ఆ మండలి నవలల పోటీలు కూడా నడిపింది. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది. నాగార్జునకొండ శిథిలాలు 1926లో వెలుగుచూశాయి, ఆ వెంటనే పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. కాకతీయుల మీద వ్యాసాలతో ‘కాకతీయ సంచిక’ 1935లో వెలువడింది. అంటే బాపిరాజు కలం పట్టిన ముప్ఫై ఏళ్ళలో ఆంధ్రుల గతం దాదాపు ఏడాదికొక కొత్త శాసనంతో, కొత్త శిల్పంతో బయటపడుతూ ఉంది. అదే సమయంలో తెలుగువాళ్ళు కొంతమంది మద్రాసు రాష్ట్రంలో, కొంతమంది నిజాం రాజ్యంలో ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం 1953లో, ఆయన పోయిన మరుసటి ఏడాది ఏర్పడింది. ఆయన పాత్రలు సందర్భం ఉన్నా లేకున్నా ‘ఆంధ్రులు’, ‘ఆంధ్ర సామ్రాజ్యం’ అని ఉత్సాహపడుతుంటే ఇవాళ్టి పాఠకుడికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. నా విద్యార్థులు ఆ చోట్ల నవ్వేవారు. ఒకే భాష మాట్లాడేవాళ్ళంతా ఒకే పాలన కింద ఉంటే ఎలా ఉంటుందో కళ్ళారా చూడని మనిషి రాసిన మాటలవి అని చెబితే నవ్వు ఆపేవారు.

ఇప్పుడు నవలలకు వస్తాను. ‘హిమబిందు’ శాతవాహనుల తొలిరోజుల కథ. ధాన్యకటకపు (నేటి అమరావతి ప్రాంతం) సంపన్న వర్తకుడు చారుగుప్తుడి కూతురు హిమబిందు, శిల్పి ధర్మనంది కొడుకు సువర్ణశ్రీ, వారి ప్రేమ ఒక దారి. వైదికమతం మీది పట్టుదలతో రాజగురువు స్థౌలతిష్యుడు పెంచిన విషకన్య కథ మరో దారి. శత్రువును చంపడానికి చిన్నప్పటినుంచీ కొద్దికొద్దిగా విషం పెట్టి పెంచిన పిల్ల అన్న ఊహ మన సాహిత్యంలో పాతదే, ముద్రారాక్షసం చదివినవాళ్ళకు తెలిసినదే. బాపిరాజు కొత్తగా చేసిందేమిటంటే, ఆ పిల్లకు ఒక మనసు పెట్టి, తాను ముట్టుకుంటే ఎదుటివాడు చస్తాడని తెలిసిన అమ్మాయి ప్రేమించడం ఎలా ఉంటుందని అడగడం. నవల పేరు హిమబిందుదే అయినా పుస్తకం మూసాక నా మనసులో మిగిలేది విషబాలే. ఇక చరిత్ర సంగతికి వస్తే, శ్రీముఖ శాతవాహనుడు, అతని తర్వాతి కృష్ణుడు నిజంగా ఉన్న రాజులే. కృష్ణుడి పేరు నాసిక్ గుహ శాసనంలో ఉంది. వాళ్ళ రాజధాని మొదటినుంచీ ధాన్యకటకమే అన్నది మాత్రం బాపిరాజు కాలంలో బలంగా ఉన్న వాదం. తొలి శాతవాహనుల శాసనాలు పడమటి కనుమల వైపు ఉండడం వల్ల వాళ్ళ మొదటి నెలవు అటువైపేనని అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శ్రీముఖుడి నాణేలు దొరికి ఆ చర్చను మళ్ళీ మొదటికి తెచ్చాయి. కాబట్టి నవలలోని రాజకీయ పటాన్ని ఖాయం చేసుకోకండి. అందులోని స్త్రీల నగలను, తలకట్టులను, రథాలను మాత్రం అమరావతి ఫలకాల ముందు పెట్టి చూడండి. వేలుపెట్టి చూపించగలిగినంత దగ్గరగా ఉంటాయి.

‘అడవి శాంతిశ్రీ’ శాతవాహనుల తర్వాత ఏలిన ఇక్ష్వాకుల కథ; నాగార్జునకొండ లోయలోని విజయపురి వాళ్ళ రాజధాని. ఈ పేరు ఆయన కల్పించింది కాదు. నాగార్జునకొండ ప్రాకృత శాసనాల్లో ‘అడవి చాంతిసిరి’ అన్న రాజకుమార్తె పేరు ఉంది, ఆమె వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి కూతురు. ఇంటిపేరే అడివి అయిన రచయితకు ఈ పేరు కంటబడితే ఊరుకుంటాడా అని మేము స్టాఫ్‌రూములో సరదాగా అనుకునేవాళ్ళం. ఒక్క పేరు, ఒక తండ్రి పేరు, ఒక అత్తింటి పేరు శాసనం ఇస్తుంది. ఆ అమ్మాయి ఎలా ఉండేది, ఎందుకు నవ్వేది, ఎవరిని చూసి మాట తడబడేది అన్నది ఏ శాసనమూ ఇవ్వదు. ఆ జాగా అంతా నవలాకారుడిది. ఈ నవల ఇవాళ చదువుతుంటే కలిగే దిగులు మరొకటి ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో పునాదిరాయి పడింది, 1954 నుంచి 1960 దాకా హడావుడిగా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి, ఆ తర్వాత ఆ లోయ మొత్తం నీళ్ళ కింద కలిసిపోయింది. బాపిరాజు ఎరిగిన విజయపురి లోయ మనకు లేదు. పడవలో వెళ్ళి కొండమీద మ్యూజియంలో తరలించి పెట్టిన శిల్పాలను చూసి రావడమే. ఆ కొండల వరసను, వాటి మధ్య కృష్ణను ఆయన వర్ణించిన పుటలను నేను నెమ్మదిగా చదువుతాను.

మీరు అడిగిన ‘గోన గన్నారెడ్డి’ ఈ రెండిటికంటే భిన్నంగా ఉంటుంది, అది గమనించదగ్గ విషయం. శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలానికి మామూలు జనాన్ని, వీధులను, ఇళ్ళను చూపించే శిల్పం బోలెడు ఉంది. కాకతీయుల కాలానికి అలా లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఉంది, నల్లరాతి మదనికలు ఉన్నాయి, ఓరుగల్లు తోరణాలు ఉన్నాయి. అన్నీ అద్భుతాలే, కాని సంతకు వెళ్ళే మనిషి, పెళ్ళికి వచ్చిన చుట్టం వాటిలో అంతగా కనిపించరు. అందువల్లనే కాబోలు, ఈ నవలలో బాపిరాజు వర్ణన తగ్గించి కదలిక పెంచారు. గుర్రాలు, రాత్రి ప్రయాణాలు, మారువేషాలు, కోటల ముట్టడులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదట్లోనే ఆదవోని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబిక పెళ్ళి జరుగుతుండగా, నిండు పందిట్లోంచి వరుడు వరదారెడ్డిని గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. పెళ్ళికూతురిని ఎత్తుకుపోయే కథలు వందలున్నాయి, పెళ్ళికొడుకును ఎత్తుకుపోవడం ఏమిటని పాఠకుడు ఆశ్చర్యపడేలోగా, ఇష్టంలేని పెళ్ళి తప్పినందుకు పెళ్ళికూతురి మనసు తేలికపడడం చూపిస్తాడు. నవల మొత్తం ఎటు వెళ్ళాలో ఆ ఒక్క ఘట్టంతో నిర్ణయమైపోయింది: దొంగ అనుకున్నవాడు మేలు చేశాడు, ఎందుకు చేశాడో తెలుసుకోవాలి. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఈ ఆరంభం నాకు విసుగు పుట్టలేదు.

ఇక చరిత్రలోని గన్నారెడ్డి. ఆయన ఉన్నమాట నిజం. గోనవారు కాకతీయుల సామంతులు, నేటి నాగర్‌కర్నూలు ప్రాంతంలోని వర్ధమానపురం వారి నెలవు. రంగనాథ రామాయణంతో ముడిపడిన గోన బుద్దారెడ్డి పేరు కూడా ఆ వంశంలోనిదే. కాకతీయ ప్రభువుకు రహస్యంగా విధేయుడై ఉంటూ పైకి గజదొంగగా తిరగడం మాత్రం బాపిరాజు కల్పన. శాసనాల గన్నారెడ్డి బందిపోటు కాడు, కోటలు పట్టే సేనానులున్న సామంతుడు. దీనికి సాక్ష్యం రాయచూరులో ఉంది. రాయచూరు కోటగోడలో నలభై అడుగులకు పైగా పొడవున్న ఒకే రాయి మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవోని మొదలైన కోటలు పట్టి, రాయచూరు చేరి ఆ కోట కట్టించాడని అది చెబుతుంది. అంత పొడుగు రాయిని అక్కడికి ఎలా తెచ్చారన్న అనుమానం చూసేవాడికి వస్తుందని ఊహించారేమో, బండి మీద ఆ రాయిని వేసి పశువుల వరసతో లాగిస్తున్న దృశ్యం కూడా అక్కడి గోడమీద చెక్కారు. నేను ఆ గోడ వెంట అడుగులు వేసి కొలుచుకుంటూ నడిచాను. నా నడకలో పదిహేడు అంగలు పట్టింది. సంవత్సరం గమనించండి. రుద్రమదేవి అప్పటికి లేదు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం ఆమె 1289 నాటికే మరణించింది. అంటే శాసనం పుణ్యమా అని మనకు బాగా తెలిసిన గన్నారెడ్డి, ప్రతాపరుద్రుడి కాలంలోని గన్నారెడ్డి. బాపిరాజు ఆయనను వెనక్కి జరిపి, రుద్రమ పాలన మొదటి రోజుల్లోకి, యువకుడిగా తీసుకొచ్చారు. రాజ్యం చేతికి వచ్చిన స్త్రీని సామంతులు ఒప్పుకోని సంకటకాలంలో ఆమెకు కనపడని అండ ఒకటి కావాలి. కథకు కావలసిన ఆ మనిషిని చరిత్రలోంచి ఎన్నుకున్నారు. ఆదవోని పేరు శాసనంలోనూ నవలలోనూ రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం, రుజువు చేయమంటే చేయలేను.

రుద్రమ విషయంలోనూ ఇలాంటి తేడా చూసుకోవాలి. గణపతిదేవుడికి కొడుకులు లేకపోవడం, కూతురిని ‘రుద్రదేవ మహారాజు’ అన్న పురుషనామంతో శాసనాల్లో పేర్కొనడం, నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో ఆమె వివాహం, మంత్రిగా శివదేవయ్య పేరు, దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్ర, ఇవి చరిత్రకారులు ప్రస్తావించేవే. వాటి మధ్య సన్నివేశాలు, సంభాషణలు నవలవి. ఆమె చివరి రోజులు, ఎదురుతిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో వైరం, చందుపట్ల శాసనం సూచించే ఆ ముగింపు ఈ నవల పరిధిలోకి రావు. వృద్ధురాలైన రుద్రమ యుద్ధరంగంలో ఉండడం అన్న ఆ దృశ్యం ఒక్కటీ బాపిరాజు కలానికి దక్కి ఉంటే ఎలా రాసేవారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది, కాని విజయంతో ముగియని కథ ఆయన స్వభావానికి సరిపడేది కాదు.

శైలి గురించి. బాపిరాజుది పూర్తి గ్రాంథికం కాదు, పూర్తి వాడుక కాదు. కథనంలో సాఫీగా నడిచే శిష్టభాష, వర్ణనకు వచ్చేసరికి నాలుగైదు మాటల సంస్కృత సమాసాలు, ఆడవాళ్ళ మాటల్లో, దాసీల సరసాల్లో గోదావరి జిల్లా నుడికారం, భావం పొంగినచోట ఏకంగా పాట. ఆయన భావకవుల తరంవాడు, తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి సాహితీ సమితి సభ్యుడు, ‘శశికళ’ గీతాలు కట్టినవాడు; గద్యం రాస్తున్నా చెవి పాట వైపే ఉంటుంది. ఆయన గీసిన గీత బొమ్మ అవుతుందని, పలికిన పలుకు పాట అవుతుందని విశ్వనాథ సత్యనారాయణగారు మెచ్చుకున్నది ఇందుకే. అధ్యాయాలు చిన్నవి. ప్రతి అధ్యాయం ఒక దృశ్యంగా మొదలై, ఎవరో ఒకరు ఆ దృశ్యంలోకి నడిచి రావడంతో కదిలి, తెర పడ్డట్టు ఆగిపోతుంది; సినిమాలకు పనిచేసిన అనుభవం ఇక్కడ ఉపయోగపడి ఉంటుంది. రంగుల పేర్లు ఆయన వాడినన్ని తెలుగు నవలలో మరొకరు వాడగా నేను చూడలేదు. సాయంకాలం అంటే ‘ఎర్రగా ఉంది’ అని సరిపెట్టుకోడు. ఏ ఎరుపు, ఏ గోడమీద పడిన ఎరుపు, దాని పక్కన ఏ నీడ ఉందో చెబితే గాని ముందుకు కదలడు.

లోపాలు కూడా చెప్పకపోతే ఈ సమాధానం పొగడ్త అవుతుంది. నాయికానాయకులందరూ అందగాళ్ళే, గుణవంతులే, పైగా ఏదో ఒక కళలో ఆరితేరినవాళ్ళే. తొలిచూపులోనే ప్రేమ పుడుతుంది, అది ఏ దశలోనూ సడలదు. దుర్మార్గులు చాలామంది చివరికి పశ్చాత్తాపపడతారు. నవల ఆఖరుకు వచ్చేసరికి పెళ్ళి కావలసిన జంటలన్నిటికీ పెళ్ళిళ్ళయిపోతాయి; ఒక విద్యార్థిని ఒకసారి ‘మాస్టారూ, ఆఖరి అధ్యాయానికి పురోహితుడు చాలడండీ’ అంది. మనిషి లోపలి కపటాన్ని, చిన్నచిన్న స్వార్థాలను తవ్వి చూపడం ఆయన బలం కాదు. రాజకీయపు ఎత్తులు కూడా మాటల్లో వివరించేస్తారు తప్ప పాఠకుడిని ఊహించుకోనివ్వరు. ఇవి ఆయన సాంఘిక నవలల్లోనూ ఉన్నాయి. విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో కలిపి 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ చదివితే తెలుస్తుంది. అయితే అక్కడ ఈ అతిమంచితనం కొంచెం కృతకంగా తోస్తుంది గాని, పదమూడో శతాబ్దంలోకో మూడో శతాబ్దంలోకో వెళ్ళేసరికి అదే గుణం చెల్లిపోతుంది. కుడ్యచిత్రంలోని మనిషి ముఖంలో మనం ముడతలు వెదకం కదా.

పోల్చి చూడాలనుకుంటే నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ పక్కన పెట్టుకోండి. అదే రాణి, అదే ఓరుగల్లు. నోరివారు రేపల్లెలో న్యాయవాది, పండితుడు. ‘నారాయణభట్టు’, ‘మల్లారెడ్డి’, ‘కవిసార్వభౌముడు’, ‘ధూర్జటి’ ఇలా ఒక్కొక్క కాలాన్ని అప్పటి కవుల చుట్టూ, మత వివాదాల చుట్టూ అల్లుకుంటూ వచ్చారు. ఆయన నవలలో ఒక సభ జరిగితే ఎవరు ఏ వాదం చేశారో మీకు గుర్తుంటుంది. బాపిరాజు నవలలో సభ జరిగితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో, వెలుగు ఎటునుంచి పడిందో గుర్తుంటుంది. నేను వ్యక్తిగతంగా చరిత్ర తెలుసుకోవడానికి నోరివారి దగ్గరకు, ఆ కాలంలో ఒక సాయంత్రం గడిపి రావడానికి బాపిరాజు దగ్గరకు వెళతాను. ఎవరు గొప్ప అన్న చర్చ విద్యార్థులు చాలాసార్లు తెచ్చారు, నేను ఎప్పుడూ తేల్చలేదు.

చదవవలసిన వరస: మీరు మొదలుపెట్టిన ‘గోన గన్నారెడ్డి’నే ముందు పూర్తి చేయండి, ఆయన కథ నడిపే పద్ధతి అలవాటవుతుంది. తర్వాత ‘హిమబిందు’. అది పెద్దది, మొదటి వంద పుటలు ఓపిక పట్టాలి, విషబాల ప్రవేశించాక పుస్తకం మిమ్మల్ని వదలదు. వీలైతే దానికి ముందో వెనకో చెన్నై మ్యూజియంగాని అమరావతి మ్యూజియంగాని చూడండి. ఆ తర్వాత ‘అడవి శాంతిశ్రీ’. వేంగీ చాళుక్యుల నాటి ‘అంశుమతి’ని చివరకు ఉంచుకోండి, కుబ్జ విష్ణువర్ధనుడి కాలపు ఆ నవల మిగిలిన మూడింటి స్థాయిలో లేదని నా అభిప్రాయం. మధ్యలో విరామం కావాలంటే ‘హంపీ శిథిలాలు’ కథ చదవండి. శిథిలం చూసి ఆయన మనసు ఎలా కదులుతుందో కొద్ది పుటల్లోనే తెలుస్తుంది.

ప్రతులు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. నేను కుర్రతనంలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ‘గోన గన్నారెడ్డి’కి ఆఖరి పదహారు పుటలు లేవు, ముగింపు చదవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. తర్వాత కొన్న మరో ముద్రణలో పుటలన్నీ ఉన్నాయి గాని అచ్చుతప్పులు సంభాషణల్లో ఎవరి మాట ఎవరిదో తెలియనంతగా ఉన్నాయి. రచయిత మరణించి అరవై ఏళ్ళు దాటడంతో 2013 నుంచి ఆయన రచనలకు కాపీహక్కుల అడ్డు లేదు. తెలుగు వికీసోర్స్‌లో ‘గోన గన్నారెడ్డి’, ‘హిమబిందు’ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. చేతిలో ఉన్న ప్రతిలో వాక్యం తెగినట్టు అనిపించినచోట దానితో సరిచూసుకోండి.